వాష్‌బేసిన్ తెలుపు పళ్ళు

ముందు నాకు ఏ జబ్బూ లేదు. ఈ మాట మొదటే చెప్పాలి. ఆస్పత్రిలో నన్ను చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "ఎట్లయింది?" అని అడిగారు, ప్రతి ఒక్కరికీ నేను అబద్ధమే చెప్పాను. కొందరితో అన్నంలో రాయి తగిలిందన్నాను, కొందరితో పుప్పిపన్ను అన్నాను. ఇప్పుడు వాపు పోయింది, జ్వరం పోయింది, బుగ్గ మీద వేలు పెట్టి నొక్కినా ఏమీ అనిపించడం లేదు. కాబట్టి నిజం రాస్తాను. ఆ జబ్బు దానంతట అది రాలేదు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, జగిత్యాల బస్సెక్కి, వరుసలో కూర్చొని నేనే తెచ్చుకున్నాను.

నవంబరు

నా పేరు రాజమణి. కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్లుగా తెలుగు చెబుతున్నాను. చిన్నప్పుడు బోరింగు పిడి తగిలి నా పై ముందు పన్ను అంచు విరిగింది. మిగతా పళ్ళ మీద సన్నటి గోధుమరంగు గీతలుండేవి, అది మా ఊరి బోరు నీళ్ల పుణ్యం. ఆ పళ్ళతోనే మక్కబుట్టలు కొరికాను, పెళ్లి ఫొటోలు దిగాను, పాఠాలు చెప్పాను. వాటి గురించి అద్దం ముందు ఎప్పుడూ ఆగలేదు.

ఆ నెల బడి వార్షికోత్సవానికి ప్రిన్సిపాల్ సారు టీచర్లందరి ఫొటోలతో గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఫొటో స్టూడియోవాడు కంప్యూటర్లో నా విరిగిన పన్ను అతికించి, మిగతావన్నీ తెల్లగా తోమేశాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు. ఏడో తరగతి పిల్ల ఒకతి ఫ్లెక్సీని చూసి, నన్ను చూసి, "టీచర్, మీరు గా ఫొటోల మస్తు మంచిగున్నరు" అంది. ఆ పిల్లకు అప్పుడే నవ్వి ఒక చిన్న మొట్టికాయ వేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నేను వేయలేదు. ఆ సాయంత్రం స్టీలు పళ్ళెంలో నా పళ్ళు చూసుకున్నాను.

మా ఆయన తిరుపతికి ఒక్కతే చెల్లెలు, లత. జగిత్యాలలో కొత్తగా తెరిచిన ఒక పళ్ళ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పని చేసేది. తన పళ్ళు కూడా అక్కడే చేయించుకుంది. నవ్వితే ట్యూబ్‌లైట్ వెలిగినట్టుండేది.

"వదినా, మా సార్ దగ్గరికి రా. గాజు పండ్లు పెడ్తడు. ఎవ్వలు గుర్తువట్టరు" అంది.

తిరుపతి ఆర్టీసీ డిపోలో మెకానిక్. వినగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. "మంచిగున్న బోల్టును రాకి సన్నగ జేసి, దానిమీద టోపీ పెట్టుడేందే? ఎవడు జెప్పిండు గీ తెలివి?"

నాకు కోపం వచ్చింది. బస్సుల కింద పడుకొని గ్రీజు పూసుకునే మనిషికి అందం గురించి ఏం తెలుసు అనుకున్నాను. ఆ ఆలోచన నాదే, ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

డిసెంబరు

క్లినిక్‌లో చెప్పులు బయట విడవాలి. లోపల చల్లగా ఉంటుంది, అగరొత్తి వాసన, గోడ మీది పోస్టరులో ఒక తెల్ల పిల్ల నవ్వు తలుపంత. డాక్టరు మా ప్రాంతంవాడే అయినా టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతాడు.

"చూడండమ్మా, దీన్ని గ్లాస్ సెరామిక్ అంటారు. గాజులాంటి పింగాణీ. వెలుతురు దీనిలోంచి వెళుతుంది, అందుకే అసలు పన్నులా కనిపిస్తుంది. మీ పన్ను పైన గోరంత మందం తీసి, పలచటి రేకు అతికిస్తాం. ఒక్కటి చేస్తే రంగు కలవదు. ఆరు చేద్దాం."

ఒక్క పన్ను అంచు విరిగిందని లోపలికి పోయినదాన్ని, ఆరు పళ్ళ రోగినై బయటికి వచ్చాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

రాకిన రోజు నాకు గుర్తున్నవి కొన్నే. సూది గుచ్చాక పెదవి పెదవిలా లేదు, ఎవరో తెచ్చి నా ముఖానికి అతికించిన రబ్బరులా ఉంది. మొదట నోట్లో నీళ్ళు చిమ్ముతూ ఉండేవి. తరువాత ఆయన నీళ్ళు ఆపేయించాడు, కనబడటం లేదట. అప్పుడు గోరు కాలిన వాసన వచ్చింది. ఆ వాసన నా నోట్లోంచే వస్తున్నదని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన చెవిలో ఫోను పెట్టుకొని బైపాసు పక్కన ప్లాటు గురించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "తూర్పు ముఖమేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పబోయాను, నన్నే అడిగాడనుకొని.

అయిపోయాక నాలుకతో తడిమాను. పళ్ళు లేవు. ఆరు మేకులున్నాయి.

"గోరంత అన్నరు గద సార్?"

"మీ పళ్ళలో బలం లేదమ్మా. అందుకే రేకులు కాకుండా టోపీలకు మార్చాను. ఇది ఇంకా బెటర్."

పన్ను ఒకసారి అరిగాక వద్దనడానికి ఏముంటుంది? నోరు మూసుకున్నాను. ట్యూబ్‌లైటు కింద రంగుల పట్టీ ముఖం ముందు పెట్టి, "అన్నిటికన్నా తెల్లది పెట్టేద్దాం" అన్నాడు. తల ఊపాను.

పది రోజులకు టోపీలు వచ్చాయి. అద్దంలో చూసుకుంటే నోట్లో ఏదో సామాను పెట్టుకున్నట్టుంది. చిగుళ్ళ దగ్గర సన్నటి నల్లగీత. తిరుపతి చాలాసేపు చూసి, "వాష్‌బేసిన్ లెక్కున్నయి" అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. మా అత్త మాత్రం మెచ్చుకుంది. మా వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి చూసి, పెదవులు ఎత్తించి మరీ చూసి, క్లినిక్ పేరు అడిగి వెళ్ళారు. నేను చెప్పాను కూడా. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి పోవాల్సి వస్తే తల వంచుకొని పోతాను.

బడిలో పద్యం చెప్పబోతే "స" దగ్గర ఈల వచ్చింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయి, ఆ నవ్వు ఎలా కనబడుతుందో గుర్తొచ్చి ఆపేశాను. నవ్వడం కోసం చేయించుకున్న పళ్ళతో చేసిన మొదటి పని అది.

జనవరి

ముందు చాయ తాగితే జివ్వుమంది. తరువాత చన్నీళ్ళకు. తరువాత ఏమీ తాగకపోయినా. పన్ను లోపల ఎవరో గడియారం పెట్టినట్టు, దాని కొట్టుడు కంటిదాకా వినబడేది. లతకు ఫోను చేస్తే నొప్పి గోలీల పేరు చెప్పింది. "సెట్టయితది వదినా, అందరికి గట్లనే ఉంటది మొదట్ల" అంది. గోలీ వేసుకుంటే నాలుగు గంటలు మనిషినయ్యేదాన్ని. ఆ నాలుగు గంటల్లో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

నెల మధ్యలో ఒక పొద్దున ముక్కు పక్కన బరువుగా అనిపించింది. మధ్యాహ్నానికి పై పెదవి పొంగింది. మరునాటికి కంటి కింద ఉబ్బి, ఒళ్ళు కాలిపోతోంది. క్లినిక్‌కు వెళ్ళాను. వరుసలో పదకొండుమంది. లత నా ముఖం చూసి కూడా నా పేరు అందరికన్నా కింద రాసి, కంప్యూటర్ వైపు తిరిగింది. నేను గట్టిగా మాట్లాడబోతే లేచి వచ్చి చెవిలో అంది.

"వదినా, నీ కాల్మొక్త, గీడ లొల్లి జెయ్యకు. నా కొలువు పోతది."

రెండు గంటలు కూర్చున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి దూరం కుర్చీల్లోకి మారారు. చివరికి డాక్టరు తలుపు సగం తీసి, అక్కడే నిలబడి చూశాడు. "చల్లగాలి తగిలినట్టుందమ్మా. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారా?" అన్నాడు. ఇంకో రెండు గోలీల పేర్లు చెప్పి తలుపు వేసుకున్నాడు. ఆయన చదివిన చదువంతా ఆ కిటికీ దగ్గర తేలింది.

ఆ మరుసటి పొద్దున ఎడమ కన్ను తెరుచుకోలేదు. తిరుపతి నన్ను ఆటోలో కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకొని జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా నా చెయ్యి వదల్లేదు. "నేను జెప్పిన గద" అని ఒక్కసారైనా అంటాడని చూశాను. ఈనాటికీ అనలేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. టార్చి వేసి నోట్లో చూడగానే ముఖం మారిపోయింది.

"ఎన్నిరోజులైంది? గింత దాకా ఎట్ల కూసున్నరు? ఎవరు చేసిన్రు ఇవి?"

పక్కకు వెళ్ళి పెద్ద డాక్టరుతో మాట్లాడింది. చీము కంటి వెనక్కి పోతే మెదడుకు పాకుతుందని ఆయన మెల్లగా అన్న మాట నాకు వినబడింది. నన్ను పట్టుకున్న భయం చావు భయమే, దాచుకోను. కానీ దానితోపాటు ఒక సిగ్గు కూడా వచ్చింది. నాకొక కూతురుంది. నేను పోతే దానితో జనం ఏమంటారు? మీ అమ్మ ఎట్ల పోయింది అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి? తెల్లగా కనబడదామని పోయి చచ్చిపోయిందనా?

పెదవి లోపలి నుంచి కోసి చీము తీశారు. నోటినిండా వెచ్చగా, ఉప్పగా, కుళ్ళిన వాసన. తరువాత ఎవరో తల మీద నుంచి రాయి దించినట్టు తేలికైంది. అప్పుడు ఏడ్చాను. అంతవరకు ఏడవడానికి కూడా ముఖం కదిలేది కాదు.

ఆరు రోజులు వార్డులో ఉన్నాను. పక్క మంచం మీద మల్యాల నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయనకు తోడుగా భార్య. ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు. నేను మింగలేకపోతుంటే, వాళ్ళాయన కోసం తెచ్చుకున్న జావ పలచగా కలిపి చెంచాతో నాకు పోసింది. ఏమైందని అడిగింది. ఆమెకు మాత్రం నిజం చెప్పాను. చెంచా గాల్లోనే ఆపి విన్నది.

"మంచి పండ్లను రాకిపిచ్చుకున్నవా బిడ్డా?"

"అవునవ్వా."

"పైసలిచ్చి?"

"అవును."

చెంచా నా నోట్లో పెట్టింది. తిట్టినా బాగుండేది.

మా అత్త చూడటానికి వచ్చి, మంచం పక్కన నిలబడే మొదలుపెట్టింది. తిరుపతి క్లినిక్‌కు పోయి అరిచి వచ్చాడట. "నీ సోకుకు నా బిడ్డ కొలువు తీస్తరా? పండ్లు చెయ్యమని లత నీ కాళ్ళు పట్టుకున్నదా?" తిరుపతి తల్లిని బయటికి తీసుకెళ్ళాడు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. లత ఒక్కసారి కూడా ఆస్పత్రికి రాలేదు. ఆమె మీద నాకు కలిగిన అసహ్యం డాక్టరు మీద కలిగినదాని కన్నా ఎక్కువ. వాడు ఎవడో. ఈమె నా పెళ్లిలో నా పక్కన కూర్చున్నది.

మార్చి

పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టరు చీము పట్టిన పన్ను మీది టోపీని కోసి తీసి నా అరచేతిలో పెట్టాడు. పైన తెల్లటి పూత, లోపల బూడిదరంగు లోహం. గాజు ఎక్కడా లేదు. మూడు పళ్ళ నరం చచ్చిపోయిందని చెప్పి, సిరిసిల్లలో భారతి మేడం దగ్గరికి వెళ్ళమన్నాడు. సొంత ల్యాబు ఉన్న మనిషి, తొందరపడదు అన్నాడు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సు. ఆ నెలంతా వారానికొకసారి అదే ప్రయాణం. భారతి మేడం యాభై దాటిన మనిషి. గోడ మీద ఏ తెల్ల పిల్లా లేదు. వెయిటింగ్ గదిలో రెండు బెంచీలు, ఒక కుండ. చుట్టుపక్కల మరమగ్గాల చప్పుడు ఎంత గట్టిగా ఉంటుందంటే ఆమె ప్రతి మాటా రెండుసార్లు చెబుతుంది.

"మొదట మీ పన్ను అంచు విరిగిందన్నరు గద. దానికి చిటికెడు ఫిల్లింగు చాలమ్మా. అరగంట పని" అంది. వినబడలేదనుకొని మళ్ళీ అంది. "అరగంట పని."

వినబడిందని చెప్పాను.

"పోయిన పన్నును నేను తెచ్చియ్యలేను. మిగిలింది కాపాడ్త" అని పని మొదలుపెట్టింది. చచ్చిన నరాలు తీసింది, మిగతా లోహపు టోపీలూ కోసి తీసింది, అసలువి తయారయ్యేదాకా ప్లాస్టిక్‌వి పెట్టింది. ఒక్క పనీ నాకు ముందు చెప్పకుండా చేయలేదు. మంట పుడితే చెయ్యి ఎత్తమంది. నేను ఎత్తిన ప్రతిసారీ ఆగింది. ఇంత మామూలు మర్యాద నాకు అంత గొప్పగా తోచడమే, నేను ఎలాంటి చోటినుంచి వచ్చానో చెబుతుంది.

పళ్ళు తయారుచేసేది శ్రీహరి అనే ఆయన. మగ్గాల ఇంట్లో పుట్టి ఈ పని నేర్చుకున్నాడు. నన్ను కిటికీ దగ్గర పగటి వెలుతురులో కూర్చోబెట్టాడు. నా ఎర్రచీర రంగు పళ్ళ మీద పడుతుందని బూడిదరంగు గుడ్డ ఒకటి భుజాల చుట్టూ కప్పాడు. నేను అడగకుండానే ఒక చిన్న దిమ్మ చూపించాడు. వంకాయ రంగులో ఉంది.

"అసలు గాజు పింగాణంటె గిది టీచర్. హైదరాబాద్ల పన్ను లెక్క కోయించి తెప్పిస్త. గిప్పుడు కొలిమిల పెడితె లోపట సన్న సన్న సూదులసొంటియి పుడ్తయి. గవ్వే దీని బలం. రంగు గూడ గప్పుడే మారుతది. వేడి కుదరకుంటె పనికిరాదు, పక్కకు పడేసుడే."

కాల్చిన ఒక పన్నును పట్టుకారుతో ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టాడు. అంచులోంచి వెలుతురు పాలలా ఇవతలికి వచ్చింది. తరువాత నా పాత టోపీని అలాగే పట్టాడు. నల్లగా నిలబడింది. రెండూ బల్ల మీద పెట్టి నా కింది పళ్ళు చూడటం మొదలుపెట్టాడు.

"మీ కింది పండ్ల మీద సన్న గోధుమ గీతలున్నయి. పైన గూడ ఒకటి రెండు గీయన్నా? లేకుంటె పై పండ్లు వేరేవాళ్ళయి అనిపిస్తయి."

ఏ గీతలు పోవాలని చావు దాకా వెళ్ళానో, వాటినే మళ్ళీ గీయమంటారా అని అడుగుతున్నాడు. పక్క ఇళ్ళలో మగ్గాలు మోగుతూనే ఉన్నాయి.

"గీయండి" అన్నాను.

వెంట్రుకంత కుంచెతో గీశాడు. మళ్ళీ కొలిమిలో పెట్టాడు. వారం తరువాత భారతి మేడం వాటిని అతికించిన రోజు ఇంటికొచ్చి తిరుపతికి చూపించాను. లైటు వేసి, అద్దాలు పెట్టుకొని చూశాడు. "కొత్తయి ఏవి?" అన్నాడు.

జూలై

బాగుపడ్డ మనిషిని కథ అక్కడ వదిలేయదు. బళ్ళు తెరిచాక ప్రిన్సిపాల్ సారు పిల్లలకు ఉచిత దంత శిబిరం పెట్టించాడు. కోరుట్లలో కొత్త బ్రాంచి తెరుస్తున్న జగిత్యాల డాక్టరే ముఖ్య అతిథి. తెలుగు టీచరును కాబట్టి స్వాగతం పలకాల్సింది నేను. ఎవరు వస్తున్నదీ ఫ్లెక్సీ చూశాకే తెలిసింది.

వేదిక మీద ఆయన శాలువా కప్పుకొని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఆయన దగ్గర ముఖాన్ని కాదు కదా, ఆరు పళ్ళను మాత్రమే. కింద లత బ్రష్షుల డబ్బా పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి డబ్బాను గట్టిగా హత్తుకుంది.

రాసుకున్న కాగితం మడిచి మైకు పట్టుకున్నాను.

"పిల్లలూ, గీ సారు నాకు తెలుసు. నా మంచి పండ్లు ఆరు రాకిండు. గాజు పెడ్తనని చెప్పి లోహం పెట్టిండు. చీము పట్టి పెద్దాసుపత్రిల ఆరు రోజులున్న. మీ పండ్లు ఎవరన్న రాకుతనంటె, ఎంత రాకుతరు, ఏం పెడ్తరు, రాకకుండ అయ్యే పనేమన్న ఉన్నదా, గిది అడుగుండ్రి. అడిగితె కోపానికొచ్చేటోని దగ్గర నోరు తెరవకుండ్రి."

డాక్టరు నవ్వాడు. "మేడం సరదా మనిషి" అన్నాడు. ప్రిన్సిపాల్ సారు మైకు లాక్కోవడానికి లేచాడు. పిల్లల్లో కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది బ్రష్షుల డబ్బా వైపే చూస్తున్నారు. నేను చేసింది నీళ్ళలో పోయిందనే అనుకున్నాను.

"సరదా కాదు సార్."

లత గొంతు. డబ్బా నేల మీద పెట్టింది.

"నాయి గూడ నొస్తున్నయి. యాడాది సంది నొస్తున్నయి. వదినెకు ఫోన్ల చెప్పిన గోలీలు నేను మింగేటియే. మీకు చెప్తె, బయటికి చెప్పకు, రిసెప్షన్ల కూసునే పిల్ల నవ్వాలె అన్నరు."

మెడలోంచి క్లినిక్ కార్డు తీసి బ్రష్షుల మీద పెట్టి గేటు వైపు నడిచింది. నేను వెనక వెళ్ళాను. గోడ పక్కన నిలబడి పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది. ఏడుపులో కూడా ఆ పళ్ళు కనబడకూడదని. ఆరు నెలలు నేను తిట్టుకున్న మనిషి ఆమే. ఆ ఆరు నెలలూ నాకన్నా ఎక్కువ నొప్పితో నవ్వుతూ కూర్చున్నది. ఒక్కసారైనా అడిగానా? నా పంటినొప్పి తప్ప లోకంలో ఇంకొకటి ఉందని అనుకున్నానా?

ఆ శనివారమే ఆమెను సిరిసిల్ల బస్సెక్కించాను. తిరుపతి కూడా వచ్చాడు. చెల్లెలి పక్కన కూర్చొని, దారిలో ఆమె సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమెకు చేసిన ఆరింటిలో రెండు పళ్ళు దక్కలేదు. మిగతా నాలుగింటికి వైద్యం నడుస్తోంది. డాక్టరు బ్రాంచి కోరుట్లలో తెరుచుకుంది, బాగానే నడుస్తోంది. వైద్యుల మండలికి మేమిద్దరం ఫిర్యాదు రాశాం. జవాబు రాలేదు.

శిబిరం మరునాడే ప్రిన్సిపాల్ సారు నన్ను సంజాయిషీ అడిగాడు. పళ్ళు రాకిన దగ్గర్నుంచి సిరిసిల్లలో భారతి మేడం బాగుచేసేదాకా అంతా తెల్లకాగితం మీద రాసిచ్చాను. స్వాగతం పలకమంటే పలకలేదు, అది నా తప్పు. చెప్పిన మాటల్లో ఒక్క తప్పు చూపించినా ఉద్యోగం మానేస్తాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఫైల్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"టీచర్, సిరిసిల్లల గా మేడం అడ్రసు ఉన్నదా మీ దగ్గర? మా ఇంట్లామెకు నెలరోజుల సంది పై పన్ను నొస్తున్నది."

"ఎవరు చేసిన్రు సార్?"

ఆయన బల్ల మీద పెన్నును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆమె పళ్ళు ఎవరు ఊరికే చేసిపెట్టారో, బదులుగా ఆ శిబిరం మా బడిలో ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది నాకు.

అడ్రసు రాసిచ్చాను. నా సంజాయిషీ మాత్రం ఫైల్లోంచి తీయమని నేను అడగలేదు, తీస్తానని ఆయనా అనలేదు.